చేతులు వదిలితే

గంటసేపు ముట్టుకోకూడదు. ముట్టుకోకూడదంటే తొంగి చూడటం కూడా కూడదని అర్థం, ఇనెకె దగ్గర ఈ విషయంలో బేరాలుండవు. కొత్త బేస్ గిటారుకి మొదటిసారి నాలుగు తీగలూ ఎక్కించి, ఒక్కో బిరడా తిప్పి శ్రుతికి తెచ్చి, వాయించి చూడకుండానే దాన్ని గోడవైపు తిప్పి మేకుకి తగిలించి, పైన పాత పూల దుప్పటి ఒకటి కప్పేసి, అది చేయించుకున్న మనిషిని కుడి భుజం పట్టుకుని వరండాలోకి నెట్టేసింది. కుడి భుజమే పట్టుకుంది. ఎడమది ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. "మెడకి తీగల లాగుడు అలవాటవ్వాలే. బరువంటే ఏంటో దానికి ఇప్పుడే తెలిసింది. అది సర్దుకునేలోగా నువ్వెళ్ళి గోకావంటే నాకు ఒళ్ళు మండుతుంది," అంది. "అలవాటవ్వాల్సింది దానికా, నీకా?" అంది జోస్లిన్. "ముందు నీ నోటికి," అంటూ ఇనెకె తలుపు వేసేసుకుంది.

సరే, గంటే కదా, ఏడాది పైన ఆగిన మనిషికి గంట ఒక లెక్కా అనుకుంటూ జోస్లిన్ కుర్చీలో కూచుంది, కూచోగానే అది లెక్కేనని తెలిసింది. కింద హ్యూఆన్ నది టీ రంగులో ఉంది, చేతిలో కప్పులో టీ నది రంగులో ఉంది, చలికాలం దగ్గరపడ్డ ఏప్రిల్ ఎండ ఇంకా మోకాళ్ళ దాకా కూడా రాలేదు. ఈ షెడ్డులో ఒకప్పుడు ఆపిల్ పెట్టెలు కట్టేవారు, ఎండ ఎక్కితే గోడల్లోంచి ఇప్పటికీ ఆ తీపి వాసన దిగుతుంది, దాని మీదుగా ఇవాళ హ్యూఆన్ పైన్ చెక్క వాసన, కొంచెం ఘాటుగా, కొంచెం మందు సీసా మూత తీసినట్టుగా, చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే అక్కడా అదే, రంపపు పొట్టు అంటుకుని. యాభై ఎనిమిదేళ్ళ వయసు, వారమంతా సిగ్నెట్ ఊరి దగ్గర షెడ్డులో ఆపిల్స్ ఏరి వేరుచేసే ఉద్యోగం, శని ఆదివారాలు మొగుడి బ్యాండులో బేస్ వాయించడం, ఇంట్లో గోడకి ఆరు గిటార్లు, ఒక్కోటి ఒక్కో చేతిపనివాడు ఆమె కొలతలకి చేసిచ్చింది, అంగట్లో దొరికేది ఒక్కటీ లేదు. కడుపులో చల్ల కదలకుండా కూచోవలసిన మనిషే, నిజానికి చాలావరకు అలాగే కూచుంది, ఒక్క ఆ దుప్పటి కింద ఉన్నదాని సంగతి తప్పిస్తే.

ఆ ఆరింటికీ ఒకటే నియమం, ఏడాదిలో ఒక్కసారైనా ప్రతిదీ స్టేజీ ఎక్కాలి. హోబర్ట్‌లో ఒక పెద్దమనిషి అద్దాల బీరువాల్లో ఇరవై ముప్ఫై బేస్‌లు పెట్టుకుని, దీపాలు వేసి, వచ్చినవాళ్ళకి చూపిస్తాడు, "వాయించచ్చా?" అని అడిగితే ఆయన మొహం చూడాలి, పెళ్ళికూతుర్ని పేరుపెట్టి తిట్టినట్టు పెట్టాడు. అలా అవకూడదు, వాయించనిది ఇంట్లో ఉండకూడదు, ఉంటే వాయించేవాళ్ళకి ఇచ్చెయ్యాలి, అని ఆ రోజు పందెం కట్టినట్టు మొగుడు డెస్‌తో అన్నది తనే, ఆ మాట ఇవాళ తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడేం తెలుసు. ముందటేడు ఆపిల్ పువ్వు వేళ, పై అరలోంచి జామ్ సీసా అందుకోబోయింది, ఎడమ భుజంలో ఏదో తలుపు మూసుకున్నట్టయింది, అంతే, ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. బిగుసుకుపోయిన భుజం, ఈ వయసు ఆడవాళ్ళకి మామూలే, దానంతటదే వదులుతుంది, ఏడాది పట్టచ్చు, రెండేళ్ళు పట్టచ్చు, అన్నాడు డాక్టరు, పోస్టు ఆలస్యమవుతుందని చెప్పినంత తేలిగ్గా. బేస్ పట్టీ వేసుకునేది ఆ భుజానికే. ఆరింటిలో తేలికదాన్ని వేసుకున్నా రెండో పాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డెస్ పక్కన స్టేజీ మీద ఇప్పుడు కీరన్ అనే కుర్రాడు నిలబడుతున్నాడు, మంచివాడే పాపం, ఆరు గిటార్లు మాత్రం గోడమీద దుమ్ము పట్టడం నేర్చుకుంటున్నాయి.

అందుకే ఈ ఏడోది. దీని ఒళ్ళంతా హ్యూఆన్ పైన్, బేస్‌కి ఎవరూ వాడనంత తేలిక చెక్క. అయితే తేలిక ఒళ్ళు గల బేస్‌తో ఒక చిక్కుంది, పొడుగు మెడ, ఆ చివర ఇనప బిరడాలున్న తల, ఒళ్ళు తేలికైతే తల బరువై నేలకి వాలిపోతుంది, బురదలో దిగిన ఆవులాగ. వాలుతున్న మెడని ఎడమచేత్తో ఎత్తిపట్టుకుంటూ వాయించాలి, పాటంతా, రాత్రంతా, ఆ చెయ్యి వేలాడేది ఇదే భుజానికి. బేస్‌లు చేసేవాళ్ళందరికీ ఒకటే పరీక్ష, పట్టీ వేసుకుని నిలబడి రెండు చేతులూ వదిలెయ్యడం. తల నిలబడిందా సరే. వాలిందా, శనివారం హాల్లో పంట ముగిసిన డాన్సుకి కీరన్‌నే రమ్మని డెస్ మధ్యాహ్నం లోపు చెప్పెయ్యాలి, ఆ తర్వాత వచ్చే శనివారాలన్నిటికీ కూడా. గోడమీది ఆరూ వాయించేవాళ్ళని వెతుక్కుని వెళ్ళిపోతాయి. ఈ చివరి మాట జోస్లిన్ డెస్‌తో తప్ప ఎవరితోనూ అనలేదు, డెస్ ఆ మాట విని పళ్ళెం తుడుస్తూ ఉండిపోయాడు, అది పొడిగా అయ్యాక కూడా.

వెళ్ళిపోతే ముందు వెళ్ళేది ఏది? మొదటిది కాదు, మొదటిది ఎవరికీ ఇవ్వడం తనవల్ల కాదు, కూలగొట్టిన ఒక పబ్బు కౌంటరు చెక్కతో చేసింది అది, బ్లాక్‌వుడ్, వెనకవైపు గ్లాసుల మచ్చలు గుండ్రంగా ఇంకా కనిపిస్తాయి. చేసినాయన తుడిచి పాలిష్ పెట్టేస్తానంటే వద్దు వద్దని చెయ్యి పట్టుకుంది. ఆ మచ్చల్లో ఒకటి నాన్నది అయ్యుంటుందని ఆమె నమ్మకం, శుక్రవారం సాయంత్రాలు ఆయన మోచెయ్యి ఆ కౌంటరు మీదే ఉండేది, అమ్మ ఆ గిటార్ చూసి, "మొత్తానికి ఆ కౌంటరుని ఇంటికి తెచ్చుకున్నావన్నమాట, మీ నాన్నే ఇంటికి వచ్చేవాడు కాదు," అంది. మామిడి చెక్కదైతే? అది క్వీన్స్‌లాండ్ నుంచి విమానంలో వచ్చింది, ఈ ద్వీపంలోకి పండూ మట్టీ ఏదీ రానివ్వరు కదా, విమానాశ్రయంలో కుక్క ఒకటి పెట్టె ముందు కూచుని కదలనంది. ఆఫీసరు పెట్టె తెరిపించి, గిటారుని పైకి కిందికి చూసి, వాసన చూసి, "ఇది పండా, చెట్టా, వాయిద్యమా, ఏమని రాసుకోమంటారమ్మా?" అని అడిగాడు. వాయించి చూపించాల్సి వచ్చింది, సామాన్లు తిరిగే పట్టా పక్కన, గిటారుకి ప్లగ్గు కూడా లేకుండా, ఎవరికీ వినపడని పాట, కుక్క ఒక్కటే విన్నది. ఆఫీసరు చెవి దగ్గరగా పెట్టి "ఏదో ఉంది లోపల," అని వదిలేశాడు. జోస్లిన్ తనలో తను నవ్వుకుంది, టీ ఒలికింది, ఎడమచేత్తో తుడవబోయి కుడిచేత్తో తుడిచింది, అలవాటు.

లోపల టిక్కుమంది.

ఏదో చిన్న చప్పుడు, ఎండకి రేకు కదిలినట్టు, ఆమె ఒక్క ఉదుటున లేచి తలుపు మీద చెయ్యి వేసింది. "కూచో!" అని అరుపు వినిపించింది లోపలినుంచి. "ఏదో విరిగిందే!" "ఏమీ విరగలా. తీగ తన గాడిలో సర్దుకుంది. నీకు పెళ్ళైన కొత్తలో మంచం కిర్రుమంటే ఇట్లాగే పరిగెత్తావా?" తలుపు జానెడు తెరుచుకుంది, దాంట్లోంచి కేకు ముక్కలున్న పళ్ళెం, దాని వెనక ఇనెకె, నుదుటిమీదికి ఎత్తిన కళ్ళద్దాలు, కనుబొమల నిండా పొట్టు. డచ్చి అమ్మా నాన్నల పిల్ల, ముప్ఫై ఏళ్ళు చెక్క పడవలు కట్టి, నడుం మొరాయించాక చిన్న పడవలుగా గిటార్లు కడుతున్నానని చెప్పుకుంటుంది. పళ్ళెం జోస్లిన్ ఒళ్ళో పెట్టి, తను మెట్టుమీద కూలబడింది. "ఒకటి చెప్తాను వింటావా? ఆ తల ఉంచమని నువ్వు పట్టిన పంతం ఉంది చూడూ..." "మళ్ళీ మొదలెట్టావా?" "మొదలెట్టక? బిరడాలు కింద తోకవైపు పెట్టేస్తాను, తలే ఉండదు, తల లేకపోతే వాలేదేంటి అని బొమ్మ గీసి మరీ చూపించాను." "తల లేని బేస్ పట్టుకుని స్టేజీ ఎక్కితే కోసిన కోడిని పట్టుకున్నట్టుంటుంది." "కోడైతే కూర వండుకోవచ్చు. పైగా ఆ బిరడాలు! చిన్నవి పెడతానంటే ఏనుగు చెవులంత పాతవి కావాలన్నావు. అవి వాలితే నన్నడక్కు." "నిన్నెవరడుగుతారు. నన్ను నేనే తిట్టుకుంటాను." ఇనెకె కేకు ముక్క సగం విరిచి నోట్లో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నిజమే, పంతమే. ఇన్నేళ్ళుగా బేస్‌లు చేయించుకుంటున్న మనిషి చెయ్యకూడని తప్పు అదొక్కటే, దానికి ఇంకెవరినీ అనడానికి లేదు. తేలికగా కావాలంటూనే తలమీద బరువు పెట్టించుకోవడం, సన్నబడాలని జావ తాగుతూ దాంట్లో వెన్న కలుపుకున్నట్టు. కానీ ఆ పెద్ద బిరడాలు తిప్పితే వేళ్ళకి తెలుస్తుంది, తీగ ఎంత బిగిసిందో చెవికంటే ముందే తెలుస్తుంది, చిన్నవి మిఠాయి డబ్బా మూత తిప్పినట్టుంటాయి. పైగా ఆ చెక్క. ఆ చెక్క ఇనెకె తన కోసం దాచుకున్నది, బల్ల కింద పడవలు కట్టే రోజులనుంచి ఉంది, ముసలితనంలో ఒక్కర్తే నదిలో తిరగడానికి చిన్న పడవ కట్టుకుంటానని ఎవరినీ దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. ఆ చెట్లని కొట్టనివ్వరు ఇప్పుడు, ఉన్నదే ఉన్నది. భుజం సంగతి విన్న రోజు దాన్ని బయటికి లాగి, దుమ్ము ఊది, కుట్టుపని టేపుతో జోస్లిన్ భుజం నుంచి తుంటి దాకా కొలత తీసుకుంది. "మరి నీ పడవ?" అంటే, "నాకు ఈత వచ్చు," అంది. ఆ చెక్కలో నూనె ఎక్కువ, జిగురు ఓ పట్టాన అంటుకోదు, స్పిరిట్ పెట్టి తుడిచి తుడిచి అంటించాలి, రెండు సార్లు ఊడింది, రెండు సార్లూ ఫోన్‌లో డచ్చిలో తిట్టింది, ఎవరినో తెలియదు. ఇంత చేశాక తల వాలితే జోస్లిన్ భుజమొక్కటే కాదు ఓడేది. ఆ మాట పక్కకి నెట్టి ఇంకో ముక్క తీసుకుంది, కేకు మాత్రం బాగుంది, బ్లాక్‌బెర్రీ జామ్ పెట్టినట్టుంది మధ్యలో.

ఇంకా ఎంతసేపో. నదిలో తెడ్లపడవ ఒకటి పోతోంది, తెడ్డు పడ్డప్పుడల్లా వినపడదు, కాసేపాగి వినపడుతుంది, చూపుకీ చప్పుడుకీ మధ్య ఆ చిన్న సందు, కీరన్ ఆ సందులో వాయిస్తాడు. డెస్ ఒక్కసారే అన్నాడు ఆ మాట, కారులో, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు. "వాడు బానే వాయిస్తాడు జోస్. కాకపోతే నా కాలెక్కడుందో వాడికి తెలీదు." డెస్ కుడికాలు పెద్ద డ్రమ్ము మీద పడే చోటు, ఆ చోటు ఆమెకి నిద్రలో కూడా తెలుసు, పడబోయే ముందు అతను గడ్డం కొంచెం కిందికి దించుతాడు. మెడ మీద మెట్లు లేని బేస్ తెప్పించుకున్న ఏడాది సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే, నున్నటి పలక, గీతలు కూడా వద్దంది గొప్పకి పోయి, ఏ స్వరం ఎక్కడుందో వేలికే తెలియాలి, వేలికి తెలియడానికి ఎనిమిది పెళ్ళిళ్ళు పట్టింది, ఆ ఎనిమిది జంటలూ ఇంకా కలిసే ఉన్నారో లేదో. డెస్ ఆ ఏడాదంతా ఒక్క మాట అనలేదు, ఆమె స్వరం తప్పినప్పుడల్లా ఇత్తడి తాళం మీద గట్టిగా కొట్టేవాడు, జనం అటు వినాలని. గీవ్‌స్టన్‌లో ఒక పెళ్ళిలో తన బేస్ ప్లగ్గు ఊడిపోయింది, పక్కన మామూలు గిటారు మోగుతూనే ఉంది, పాట నడుస్తూనే ఉంది, కానీ డాన్సు చేసేవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆగి, ఏదో కొనడానికొచ్చి మర్చిపోయినవాళ్ళలా చుట్టూ చూశారు. ప్లగ్గు మళ్ళీ పెట్టగానే కాళ్ళు కదిలాయి. ఏం తగ్గిందో ఎవరికీ తెలియదు, ఏం వచ్చిందో కూడా తెలియదు, అది చూసిన రోజు ఆమెకి కలిగిన ఆనందం ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకుంటే గర్వమంటారు. అది గర్వమే. మళ్ళీ ఒక్కసారి అక్కడ నిలబడాలని ఉంది, చాలా ఉంది, దాన్ని చిన్నదిగా చేసి చెప్పుకోవడం ఎందుకు.

ఇంట్లో పళ్ళేలు ఇప్పుడు కింది అరలో ఉంటాయి. డెస్ ఎప్పుడు మార్చాడో తెలియదు, ఒక పొద్దున చూస్తే కప్పులూ పళ్ళేలూ అన్నీ నడుం ఎత్తుకి దిగిపోయి ఉన్నాయి, బట్టల తీగ కూడా ఒక జానెడు కిందికి వచ్చింది, దుప్పట్లు గడ్డిని రాస్తున్నాయి. చొక్కా తొడుక్కోవాలంటే ముందు ఎడమచెయ్యి దూర్చి తర్వాత తల, జుట్టు కత్తిరించేసుకుంది ముడి వేసుకునే పని లేకుండా. వ్యాయామం నేర్పే అమ్మాయి గోడమీద వేళ్ళతో పైకి పాకమంది, సాలీడులా, ఎంత ఎత్తుకి పోతే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమంది. స్విచ్చు దాకా పోయేది, ఇంక స్విచ్చు దగ్గరే ఉండిపోయింది, గీత మీద గీత పడి అక్కడ నల్లటి మచ్చ తేలింది, క్రిస్మస్ ముందు మానేసింది. నొప్పి కూడా ఎప్పుడో పోయింది, నిజం చెప్పాలంటే ఎప్పుడు పోయిందో గమనించలేదు, కానీ భుజాన్ని ఏమైనా అడగాలంటే భయం, అది కాదంటుందేమోనని. అడక్కపోతే కాదనదు కదా. అలా ఇద్దరూ మర్యాదగా ఉంటున్నారు, ఆమే ఆమె భుజమూ, పలకరింపులు లేని ఇరుగుపొరుగుల్లాగ. ఎండ మోకాళ్ళు దాటి ఒళ్ళోకి వచ్చింది, పళ్ళెంలో పొడి మిగిలింది, పిట్ట ఒకటి రెయిలింగు మీద వాలి ఆ పొడినీ ఆమెనీ మార్చి మార్చి చూస్తోంది.

"రా," అంది ఇనెకె, తలుపు బార్లా తీసి.

దుప్పటి తీసింది. వెన్న రంగు. ఇంత పసుపని అనుకోలేదు, తడి గుడ్డతో తుడుస్తున్నప్పుడు చూసినదానికంటే ఎక్కువ పసుపు, ఒంటిమీద చిన్న చిన్న పిట్టకన్నుల్లాంటి మచ్చలు, నల్లటి మెడ, ఆ చివర ఆ తల, దానికి నాలుగు ఏనుగు చెవులు. ఇనెకె దాన్ని కంటి దగ్గర పెట్టుకుని మెడ పొడుగునా చూసింది, పడవ పలక వంకర చూసినట్టు ఒక కన్ను మూసి, బిరడాలు కొంచెం కొంచెం తిప్పింది, "ఊఁ" అంది, అది మంచి ఊఁనో చెడ్డ ఊఁనో తెలియలేదు. "తగిలించుకో." పట్టీలో ముందు తల, తర్వాత కుడిచెయ్యి. భుజం మీద పడింది. భుజం ఏమీ అనలేదు, తువ్వాలు వేసుకున్నట్టుంది. "వాయించనా?" "ముందు వదులు." ఇనెకె గొంతులో ఎగతాళి లేదు. కుడిచెయ్యి వదిలింది. ఎడమచెయ్యి మెడ కింద ఇంకా ఆనించే ఉంది, అది తనకు తెలియకుండానే మోస్తోంది, ఇదే కదా ఎన్నేళ్ళ అలవాటు. "ఎడమది కూడానే." వదిలింది.

తల వాలింది. జారుతోంది, కిందికి, నెమ్మదిగా, ఆమె ప్రాణం కూడా దాంతోపాటే జారింది, పట్టుకోవాలని చేతులు రెండూ ఒక్కసారి ముందుకొచ్చాయి, పట్టుకోకూడదు, పట్టుకుంటే తెలియదు, తియ్యి, తియ్యి. కళ్ళు గట్టిగా మూసుకుంది. నేల మీద ఏమీ పడలేదు. పట్టీ ఏమీ లాగలేదు. కళ్ళు తెరిస్తే మెడ బెత్తెడు దిగి, అక్కడ ఆగి ఉంది, ఇంక దిగేది లేదన్నట్టు, నేలకి సమాంతరంగా, నదిలో కట్టేసిన పడవలాగ కొంచెం ఊగుతూ.

"బెత్తెడు దిగింది," అంది ఇనెకె. "తల కొయ్యనిమ్మన్నానా లేదా?"

"బెత్తెడే కదే. ఆగింది."

"ఆగిందిలే. ఆగక ఏం చేస్తుంది, పట్టీ తగిలించే కొమ్ము అంత పొడుగ్గా లాగాను," అని, ఇంకా ఏదో తిట్టబోయి, ఇనెకె ఆగిపోయింది. కళ్ళద్దాలు నుదుటినుంచి కిందికి దించుకుంది. "జోస్."

"ఏంటి?"

"నీ చేతులెక్కడున్నాయే?"

ఎక్కడుంటాయి, పక్కన ఉంటాయి, అనుకుని జోస్లిన్ కిందికి చూసింది. పక్కన లేవు. గిటార్ మీద లేవు. పైన ఏదో చల్లగా వేళ్ళకి తగులుతోంది. తలెత్తి చూస్తే దూలానికి వేలాడదీసిన, చెక్కలు అదిమిపట్టే ఇనప బిగింపుల వరస, దాన్ని తాకుతూ రెండు చేతులు, కుడిది, దాని పక్కనే అంతే ఎత్తున ఎడమది, ఎవరివో అన్నట్టు, పట్టుకోకూడదని పైకి విసిరేసినవి విసిరేసినట్టే ఉండిపోయి. నొప్పి కోసం వెతికింది. కొంచెం లాగుడుంది, కొత్త తీగలకి మెడ లాగినట్టు. అంతే.

ఇనెకె స్టూలు మీద కూలబడి, పొట్టు నిండిన చేత్తో కళ్ళు తుడుచుకుని, కంట్లో పొట్టు పడిందని పొట్టుని తిట్టింది, ఈసారి డచ్చిలో కాదు. తర్వాత ముక్కు చీదుకుని, "ఇంక దించు. దించి వాయించి చావు," అంది.

"ఉండవే. డెస్‌కి ఫోన్ చెయ్యి ముందు. శనివారం కీరన్‌ని డాన్సు చెయ్యడానికి రమ్మన్నానని చెప్పు. నేను వచ్చేలోగా పళ్ళేలు పై అరలో పెట్టమను."

"మొగుడు నీవాడు, నువ్వే చెప్పుకోవచ్చుగా?"

"నాకు చేతులు ఖాళీగా లేవు," అంది జోస్లిన్, రెండు చేతులూ అలాగే పైకి ఉంచి.